ఉడుతల మీద యుద్ధానికి బడిపిల్లలా? తిరుగుతున్న ఆ పోస్టుకి నా ఖండన

ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో, వ్యవసాయం పేజీల్లో ఈ మధ్య ఒక పోస్టు బాగా తిరుగుతోంది. పైన ఒక పాత అమెరికన్ పోస్టర్ బొమ్మ, కింద తెలుగులో రాత. సారాంశం ఇది: "1918లో మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుంటే కాలిఫోర్నియా బడిపిల్లలు ఒక్క వారంలో లక్షకు పైగా ఉడుతల్ని చంపి దేశానికి తిండి కాపాడారు. ఒక్క పిల్లాడికీ ఏమీ కాలేదు. దేశం అడిగింది, పిల్లలు చేశారు. ఉడుత వల్ల ఎవరికీ మేలు లేదు. బ్రిటన్, జర్మనీ కూడా ఇదే పని చేశాయి. పిల్లలకు దేశభక్తి, క్రమశిక్షణ అబ్బాయి. మన పల్లెల్లో ఎలుకలతో పంట పోతుంటే మన పిల్లలు ఫోన్లు చూస్తూ కూర్చున్నారు. మన బడుల్లోనూ ఎలుకల వారం పెట్టాలి."

దాని కింద "మా బడిలో మొదలుపెడదాం సార్" అని రాసినవాళ్ళు ఉన్నారు. అందుకే ఇంత పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

ముందుగా, ఆ సంఘటన నిజంగానే జరిగింది. 1918 ఏప్రిల్ 29 నుంచి మే 4 దాకా కాలిఫోర్నియా రాష్ట్రం 'ఉడుతల వారం' జరిపింది. దాన్ని నడిపింది అప్పటి రాష్ట్ర ఉద్యాన శాఖ కమిషనర్ జార్జ్ హెకీ. తరగతిలో సైనిక దళాలుగా ఏర్పడి 'ఉడుతల సైన్యాన్ని' నాశనం చేయండని ఆయన నేరుగా పిల్లలకే పిలుపునిచ్చాడు. పోస్టర్ల మీద ఉడుతలకు జర్మన్ చక్రవర్తి సైనికుల శిరస్త్రాణాలు తొడిగారు, నెత్తిన మేకు ఉండే రకం. పిల్లలు చంపిన ఉడుతల తోకలు బడికి తేవాలి. ఎక్కువ తోకలు తెచ్చిన బడులకు నగదు బహుమతులు. వారం చివర లెక్క 1,04,509 అని ప్రకటించారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. పోస్టు చదివి మన పెరట్లో జామచెట్టు మీద తిరిగే మూడు చారల ఉడుతను ఊహించుకున్నవాళ్ళు చాలామంది కనిపించారు. ఇది ఆ ఉడుత కాదు. కాలిఫోర్నియా నేల ఉడుత పరిమాణంలో దానికన్నా చాలా పెద్దది. భూమిలో కలుగులు తవ్వి గుంపులుగా ఉంటుంది, గింజ పంటల్ని నిజంగానే బాగా తింటుంది. రైతులు దాని మీద కోపగించుకోవడానికి కారణం ఉంది. నష్టం లేదని నేను అనడం లేదు. ఆ నష్టాన్ని ఆపే పని పిల్లల చేతిలో పెట్టడం గురించీ, అలా పెట్టినందుకు ఏదో గొప్ప ఫలితం వచ్చిందని చెప్పుకోవడం గురించీ నా అభ్యంతరం.

"లక్ష ఉడుతలు చచ్చాయి, పంట దక్కింది"

లక్ష పెద్ద అంకెలాగే వినిపిస్తుంది. దేనిలో లక్ష అన్నది పోస్టు చెప్పలేదు.

కాలిఫోర్నియా విస్తీర్ణం సుమారు 4 లక్షల 24 వేల చదరపు కిలోమీటర్లు. ఈ ఉడుత అందులో సగం నేలలోనే ఉందనుకుందాం. చదరపు కిలోమీటరుకి 50 మాత్రమే ఉన్నాయనుకుందాం. ఇది చాలా తక్కువ అంచనా, బీళ్ళలో ఒక్క హెక్టారులోనే పదుల్లో కనిపించే జీవి ఇది. ఆ లెక్కకే మొత్తం కోటి దాటుతుంది. అంటే పిల్లలు చంపింది నూటికి ఒకటి. ఆ కోటిలో సగం ఆడవి. ఈ ఉడుత ఏడాదికి ఒకే ఈత ఈనుతుంది, ఆ ఈతకు అయిదు నుంచి ఎనిమిది పిల్లలు. ఆరు చొప్పున వేసుకున్నా ఆ ఒక్క వసంతంలో మూడు కోట్ల పిల్లలు. వాటిలో అత్యధికం ఏటా గద్దలకీ పాములకీ ఆకలికీ రోగాలకీ పోతూనే ఉంటాయి, పోకపోతే భూమి పట్టదు. ప్రకృతి ఎలాగూ తీసేసే కోట్లలోంచి ఒక లక్షను ముందుగా తీసేస్తే మిగిలినవాటికి తిండీ కలుగులూ ఇంకాస్త సులువుగా దొరుకుతాయి. పక్క బీట్లోంచి వచ్చి ఖాళీ కలుగుల్లో చేరతాయి. చీడజీవుల నివారణలో పనిచేసిన ఎవరికైనా ఇది తెలిసిన పాఠమే.

విషం తిని కలుగుల్లోనే చచ్చినవాటి తోకలు రాలేదు కదా, అసలు సంఖ్య ఇంకా పెద్దది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. మూడు రెట్లు వేసుకోండి, అయిదు రెట్లు వేసుకోండి. పై లెక్క మారదు.

కాలం ఎంపిక కూడా తప్పే. వసంతంలో పచ్చిక మొలిచి ఉన్నంతకాలం ఈ ఉడుతలు ఎక్కువగా పచ్చి ఆకు తింటాయి, గింజల మీద అంతగా మోజు చూపవు. గడ్డి ఎండి గింజ కట్టాక గింజల వైపు మళ్ళుతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇప్పుడు రైతులకిచ్చే సలహా కూడా అదే: నేల తడిగా ఉండే వసంతంలో కలుగుల్లో పొగ, గింజ ఎర మాత్రం పచ్చిక ఎండాక. ఏప్రిల్ ఆఖరి వారం బడి నడిచే కాలం, పిల్లలు దొరికే కాలం. ఉడుత గింజకు వచ్చే కాలమా అంటే చాలాచోట్ల కాదు. నూరేళ్ళు దాటినా ఆ ఉడుత కాలిఫోర్నియా రైతులకి ఇంకా ప్రధాన చీడగానే ఉంది. 'పంట దక్కింది' అనడానికి ఇంతకన్నా ఎదురు సాక్ష్యం ఏం కావాలి?

"ఒక్క పిల్లాడికీ ఏమీ కాలేదు"

పోస్టులో నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన వాక్యం ఇది. దీనికి ఆధారం ఏమీ చూపలేదు. తోకలు లెక్కపెట్టడానికి మనుషుల్ని పెట్టారు. గాయపడ్డ చేతులు లెక్కపెట్టడానికి ఎవర్నైనా పెట్టారేమో పోస్టు రాసినవాళ్ళే చెప్పాలి. సరే, పిల్లల చేతికి ఏం ఇచ్చారో చూద్దాం.

ఆ ప్రచారంలో చెప్పిన మార్గాలు తుపాకీ, బోను, కలుగులో నీళ్ళు, విషం. విషాల్లో మొదటిది స్ట్రిక్నిన్ పూసిన బార్లీ గింజలు. స్ట్రిక్నిన్ అంటే మన అడవుల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల్లోంచి తీసేది. ఆ గింజలు అప్పట్లో మన దేశం నుంచి బయటి దేశాలకు ఎగుమతి అయ్యేవి కూడా. ముష్టి ఎంత చేదో, ఎంత ప్రమాదమో ఏజెన్సీ పల్లెల్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. ఒంటిలోని ప్రతి కండరం బిగుసుకుని, వెన్ను విల్లులా వంగి, ఊపిరి ఆగి, మెలకువ ఉండగానే ప్రాణం పోతుంది. దానికి విరుగుడు మందు లేదు, ఈడ్పులు ఆపుతూ ఊపిరి అందించడమే వైద్యం. చిన్నపిల్లలకు 15 మిల్లీగ్రాములు కూడా ప్రాణాంతకం కావచ్చు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తిరిగే వాకిట్లో, కోళ్ళు గింజలేరుకునే పెరట్లో ఆ గింజలు ఉంచమంటారా?

రెండోది కార్బన్ డైసల్ఫైడ్. కలుగులో పోసి, లేదా తడిపిన ఉండ వేసి, మూత వేసే ద్రవం. గది వేడిలోనే ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది. సుమారు 100 డిగ్రీల దగ్గరే తనంత తాను అంటుకుంటుంది. వేడెక్కిన దీపపు బుడ్డి పక్కన ఉన్నా చాలు, నిప్పు చూపించక్కర్లేదు. ప్రయోగశాలల్లో పెద్దవాళ్ళే భయపడుతూ వాడే పదార్థం అది.

వీటిని మించినది, పోస్టులో ఒక్క ముక్క కూడా లేనిది, ప్లేగు.

1900లో ప్లేగు శాన్‌ఫ్రాన్సిస్కోకి ఓడల మీద వచ్చింది. నగరపు ఎలుకల నుంచి చుట్టుపక్కల కొండల్లోని నేల ఉడుతలకు పాకింది. 1908లో కాంట్రా కోస్టా కౌంటీలో (కౌంటీ అంటే అక్కడి జిల్లా లాంటిది) అడవి ఉడుతల్లోనే ప్లేగు క్రిమి ఉందని నిర్ధారణ అయింది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ అక్కడ ఏళ్ళ తరబడి ఉడుతల్ని పట్టి పరీక్షిస్తూనే ఉంది. 1911లో అదే శాఖలో పనిచేసిన జార్జ్ మెకాయ్ టులేర్ కౌంటీ ఉడుతల్లో ప్లేగును పోలిన మరో జబ్బును కనిపెట్టాడు. దానికి తర్వాత ఆ కౌంటీ పేరు మీదే టులరీమియా అని పేరొచ్చింది. చచ్చిన జంతువును కోసినప్పుడు చర్మం గుండానే ఆ జబ్బు మనిషికి అంటగలదు.

ప్లేగు ఎలా పాకుతుందో 1918 నాటికి ప్రపంచానికి తెలుసు. 1898లో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచ్ వైద్యుడు కరాచీలో ఎలుకల మీద పరిశోధించి దీన్ని బయటపెట్టాడు. ప్లేగుతో చచ్చిన ఎలుక ఒళ్ళు చల్లబడగానే దాని మీద రక్తం పీల్చే గోమార్లు (ఇంగ్లీషులో ఫ్లీలు, వీటి కాటుతోనే ప్లేగు పాకుతుంది) కళేబరాన్ని వదిలి వెచ్చటి ఒంటి కోసం వెతుక్కుంటాయి. అప్పుడే చచ్చిన ఉడుత మీదకి వంగి, చేత్తో పట్టుకుని, తోక కోసే పిల్లాడి ఒంటికన్నా దగ్గర్లో ఉండే వెచ్చటి ఒళ్ళు ఏది? చంపమనడం ఒక ఎత్తు. తోక తెమ్మనడం అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణంలోకి పిల్లాణ్ణి కావాలని నెట్టడం. ఆ తోకల్ని మళ్ళీ వందలమంది పిల్లలుండే బడిలో గుట్టపోయించారు.

ఇది ఊహ కాదనడానికి ఎక్కువ కాలం ఆగక్కర్లేదు. 1919 ఆగస్టులో కాలిఫోర్నియాలోనే ఓక్లాండ్ నగరంలో ఊపిరితిత్తుల ప్లేగు పుట్టింది. మొదటి రోగి ఉడుతల వేటకు వెళ్ళొచ్చిన మనిషి. అతని నుంచి ఇంట్లోవాళ్ళకు, చూడ్డానికి వచ్చినవాళ్ళకు, వైద్యం చేసినవాళ్ళకు పాకి పదిమందికి పైగా చనిపోయారు. ఉడుతల వారానికీ దానికీ మధ్య పదిహేను నెలలే. ఆ వేటగాడు పెద్దవాడు, తన ఇష్టంతో వెళ్ళాడు. పిల్లల్ని పంపింది ప్రభుత్వం.

ఎవరికీ ఏమీ కాలేదన్నదే నిజమని ఒప్పుకున్నా, అది వాళ్ళ అదృష్టం అవుతుంది, పథకం గొప్పతనం అవదు.

"దేశం అడిగింది, పిల్లలు చేశారు"

దేశం అంటే ఎవరు? ఈ ఉడుతలతో పోరు యుద్ధం కన్నా ముందే మొదలైంది. పశువుల బీళ్ళ యజమానులకీ ఉడుతలకీ పందొమ్మిదో శతాబ్దం నుంచే పడదు. అక్కడ ఉడుతల్ని అదుపులో ఉంచడం భూ యజమాని బాధ్యత. పెద్ద పెద్ద బీళ్ళలో కూలీలను పెట్టి చేయిస్తే ఖర్చు. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగాక గోధుమకు ప్రభుత్వం బుషెల్‌కి (సుమారు 27 కిలోల కొలత) 2.20 డాలర్ల ధర హామీ ఇచ్చింది. యుద్ధానికి ముందు ధరకి అది సుమారు రెట్టింపు. పండిన ప్రతి గింజకీ విలువ పెరిగింది, మగవాళ్ళు సైన్యంలోకి పోవడంతో కూలీ కరువైంది. సరిగ్గా అప్పుడే కూలి అడగని చేతులు కొన్ని వేల బడుల్లో వరుసగా కూర్చుని కనిపించాయి.

యుద్ధం 1918 నవంబరులో అయిపోయింది. ఉడుతల మీద విషం ఆగిందా? ఆగలేదు. 1920లలో థాలియం అనే విష లోహం పూసిన గింజలు వచ్చాయి. అవి పక్షుల్నీ ఇతర జంతువుల్నీ కూడా చంపుతున్నాయని 1931లో జీన్ లిన్స్‌డేల్ అనే జీవశాస్త్రవేత్త అచ్చులో పెట్టాడు. మరుసటి ఏడే ఎరకోసం ఉంచిన థాలియం బార్లీని తిండిగా వాడుకున్న మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. యుద్ధం ముగిశాక కూడా దశాబ్దాలు నడిచిన పనిని యుద్ధకాలపు అత్యవసరం అనడం చెల్లదు.

ఉడుతల వారం జరిగిన 1918లోనే అదే దేశం పిల్లలకు ఇంకో పని కూడా ఇచ్చింది. అమెరికా విద్యా శాఖ 'బడితోటల సేన' పేరుతో పిల్లల చేత కూరగాయలు పండించింది. దానికీ సైన్యం పేరే పెట్టారు, అది కూడా ప్రచారమే. కానీ అందులో పిల్లాడి చేతికిచ్చింది విత్తనం. తిండి కొరత తీర్చడానికి పిల్లల్ని కలుపుకోవాలంటే దారి లేక విషం ఇచ్చారన్న వాదన అక్కడే పడిపోతుంది.

"ఉడుత వల్ల ఎవరికీ మేలు లేదు"

దీనికి జవాబు అదే 1918లో అదే ఉద్యాన శాఖ మాసపత్రికలో వచ్చింది. బర్కిలీలోని జంతుశాస్త్ర మ్యూజియం నడిపిన జోసెఫ్ గ్రినెల్, జోసెఫ్ డిక్సన్ కలిసి కాలిఫోర్నియా నేల ఉడుతల జీవితం మొత్తం రాశారు. ఆ రచన వచ్చింది సంవత్సరం చివర. ఉడుతల వారం అప్పటికే అయిపోయింది. ముందు చంపించి, తర్వాత చదివారు. 1923లో గ్రినెల్ మరో వ్యాసంలో, కలుగులు తవ్వే ఈ జీవులు మట్టిని తిరగేసి నీళ్ళు ఇంకనిచ్చి నేల తయారవడానికి ఎలా తోడ్పడతాయో వివరించాడు. ఈ ఉడుతల కలుగుల్లోనే నేల గుడ్లగూబలు గూడు కట్టుకుంటాయి, వీటినే తిని బంగారు గద్దలు బతుకుతాయి. పంట పొలంలో అదుపు చేయాల్సిందే. రాష్ట్రమంతటా తుడిచేయాలన్నది వేరే మాట.

"బ్రిటన్, జర్మనీ కూడా ఇదే చేశాయి"

చేశాయి. చేసినందుకు ఏమైందో కూడా పోస్టులో రాయాల్సింది.

బ్రిటన్ 1917లో 'ఎలుకల, పిచ్చుకల సంఘాల'ను మళ్ళీ లేపింది. డజను ఎలుక తోకలకు ఇంత, డజను పిచ్చుక తలలకు ఇంత, గుడ్లకు ఇంత అని రేటు కట్టారు. డబ్బులొస్తాయనేసరికి పిల్లలు గూళ్ళ మీద పడ్డారు. ఏది పంట తినే పిచ్చుకో, ఏది పురుగుల్ని తిని పంటను కాపాడే చిన్న పిట్టో పిల్లలకు ఎలా తెలుస్తుంది? తల కోసి తెచ్చాక లెక్కపెట్టే పెద్దలకు మాత్రం ఎలా తెలుస్తుంది? వేరే పక్షులు కూడా పోతున్నాయని అక్కడి పక్షి ప్రేమికులు అప్పుడే మొత్తుకున్నారు. పిచ్చుక కూడా తన పిల్లలకు పెట్టేది పురుగులే.

అదే బ్రిటన్ ఇంకో చీడను నిజంగా ఓడించింది. ఎలా ఓడించిందో చూస్తే మొత్తం వాదన అర్థమవుతుంది. కొలరాడో పురుగు అమెరికాలో పుట్టి 1859 ప్రాంతంలో బంగాళాదుంప రుచి మరిగింది, 1874కి అట్లాంటిక్ తీరం చేరింది. ఒక్కో ఆడపురుగు కొన్ని వందల గుడ్లు పెడుతుంది. పెద్ద పురుగులూ, వాటి పిల్లపురుగులూ ఆకుల్ని ఈనెల దాకా తినేస్తాయి. బ్రిటన్ 1877లోనే విధ్వంసక కీటకాల చట్టం చేసింది. 1901లోనూ, మళ్ళీ 1933లోనూ టిల్బరీ రేవు దగ్గర పురుగు కనిపించినప్పుడు వ్యవసాయ శాఖ మనుషులు వెళ్ళి పొలాన్ని చుట్టుముట్టి, మట్టితో సహా శుద్ధి చేసి నిర్మూలించారు. అప్పుడప్పుడూ సరుకుతో వచ్చిన పురుగులు దొరికినా ఆ దేశంలో అది ఈరోజుకీ స్థిరపడలేదు. రేవుల్లో తనిఖీ, చట్టం, శిక్షణ పొందిన ఉద్యోగులు. ప్రజల్ని అడిగింది ఒక్కటే: కనిపిస్తే చెప్పండి.

జర్మనీ కథ ఇంకోలా నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ పురుగు ఫ్రాన్స్‌లో బోర్డో చుట్టుపక్కల స్థిరపడి తూర్పుకి పాకుతూ వచ్చింది. నాజీ ప్రభుత్వం 1935లో దీనికోసం ప్రత్యేక రక్షణ విభాగం పెట్టింది. బడిపిల్లలకు బొమ్మల పుస్తకాలు పంచి, తరగతులకు తరగతుల్ని బంగాళాదుంప చాళ్ళలో వరుసగా నడిపించి, ఆకులు తిప్పి చూడమన్నారు. వెతకడం వరకు అందులో కొంత అర్థం ఉంది, తొలిరోజుల్లో ఒక్క పురుగు దొరికినా మేలే. పురుగు మాత్రం ఆగలేదు, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి దేశంలో చాలా భాగానికి పాకింది. పిల్లల చేత ఒక్కో పురుగునీ ఏరించిన ఆ రాజ్యమే 1943 అక్టోబరులో జర్మనీలోనే స్పేయర్ పట్టణం దగ్గర విమానంలోంచి 14,000 కొలరాడో పురుగుల్ని సొంత పొలాల మీద వదిలి చూసింది, ఆయుధంగా పనికొస్తాయేమోనని. తర్వాత వెతికితే వంద కూడా దొరకలేదు. చాళ్ళలో నడిచిన ఆ పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పారు?

1950 నాటికి తూర్పు జర్మనీలో దాదాపు సగం బంగాళాదుంప పొలాలకు పురుగు పట్టింది. పురుగుమందుల కొరత తీవ్రం. అప్పుడు ప్రభుత్వం నేరాన్ని అమెరికా మీదకు నెట్టింది. అమెరికా విమానాలే పురుగుల్ని చల్లాయని జూన్‌లో అధికారిక కమిషన్ పేరిట ప్రకటించింది. మళ్ళీ బడులు, మళ్ళీ పురుగులు ఏరి వేసే సీసాలు, మళ్ళీ చాళ్ళు. విమానాలు చల్లాయన్నదానికి ఆధారం లేదు. పురుగు అప్పటికి ఏళ్ళ క్రితమే అక్కడ కాపురం పెట్టింది, గాలివాటున ఎగురుతుంది, చలికాలం మట్టిలో దాక్కుని వసంతంలో లేస్తుంది. పెద్దల వైఫల్యాన్ని కప్పిపుచ్చడానికి ఒక శత్రువు కావాల్సి వచ్చింది. ఆ శత్రువును నమ్మించడానికి పిల్లలకన్నా మెత్తటి మనసులు దొరకవు.

"పిల్లలకు దేశభక్తి, క్రమశిక్షణ అబ్బాయి"

కాలిఫోర్నియా పోస్టర్‌నీ తూర్పు జర్మనీ ప్రచారాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రాజకీయం వేరు, దేశం వేరు, మధ్య ముప్పై రెండేళ్ళు. పద్ధతి ఒక్కటే. ఒక జీవికి శత్రు దేశపు వేషం వేస్తారు. పిల్లాడి చేతికి సీసానో గింజల సంచో ఇస్తారు. చంపినదాన్ని లెక్కపెట్టి మెచ్చుకుంటారు. ఆ పిల్లాడు నేర్చుకున్నదేమిటి? ఆ ఉడుత ఎలా బతుకుతుందో నేర్చుకోలేదు, గ్రినెల్ రచన అప్పటికి ఇంకా రాలేదు. పంటను ఎలా కాపాడాలో నేర్చుకోలేదు, పంట దక్కలేదు. శత్రువని పెద్దలు చూపించినదాన్ని అడక్కుండా చంపితే బహుమతి వస్తుందని నేర్చుకున్నాడు. కాలిఫోర్నియా వీధుల్లో అప్పుడు జర్మన్ పేర్లున్న కుటుంబాలు బతుకుతున్నాయి. వాళ్ళ పిల్లలు అవే తరగతుల్లో కూర్చున్నారు. జర్మన్ శిరస్త్రాణం పెట్టుకున్న ఉడుత బొమ్మ గోడ మీద ఉన్న గదిలో ఆ పిల్లల సంగతి ఏమిటి?

సైనికుడికి కనీసం వయసు నిబంధన ఉంది. ఈ సైన్యానికి అదీ లేదు. ఎనిమిదేళ్ళవాడు టీచరు చెప్పిన పనిని కాదనగలడా? కాదనలేనివాడు చేసిన పనిని వాడి దేశభక్తిగా రాయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

"మన బడుల్లోనూ ఎలుకల వారం పెట్టాలి"

ఎలుకల సమస్య మనకు నిజంగానే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి పొలం గట్ల మీద కలుగులు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. దానికి పద్ధతి కూడా మన దగ్గరే ఉంది. వ్యవసాయ శాఖ ఏళ్ళుగా చెబుతున్నదే: వంద పాళ్ళ ఎరలో నూకలు 96, నూనె 2, బ్రోమాడయోలోన్ మందు 2. పొట్లాలు కట్టి, ఎలుక తిరుగుతున్న కలుగులో లోపలికి పెట్టాలి. పొట్ట దశ రాకముందే, పిలకల దశలోనే చేయాలి. ఒక్క రైతు చేస్తే పక్క పొలంలోంచి మళ్ళీ వస్తాయి కాబట్టి ఊరంతా ఒకేసారి చేయాలి. గట్లు సన్నగా కట్టుకోవాలి, కలుపు లేకుండా ఉంచుకోవాలి. ఎలుక బుట్టలు పెట్టేవాళ్ళున్నారు. పొగబెట్టి కలుగు తవ్వి పట్టడంలో తరతరాల నైపుణ్యం ఉన్న యానాదులున్నారు. వాళ్ళకు సరైన కూలి ఇచ్చి పిలవడం మానేసి, ఉచితంగా దొరికే పిల్లల్ని పంపమని ఈ పోస్టు అడుగుతోంది. 1918లో అక్కడ జరిగింది కూడా అదే.

చట్టం సంగతి. 2016లో సవరించిన బాల కార్మిక నిషేధ చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, ప్రమాదకరమైన పనుల్లో 18 ఏళ్ళలోపు వాళ్ళని కూడా పెట్టకూడదు. సెలవుల్లో ఇంటి పనికి చేయందించే చిన్న మినహాయింపు కూడా ప్రమాదకరమైన పనికి వర్తించదు. బడి తరఫున విషం ఎర పెట్టించడం అందులో ఎక్కడా ఇమడదు. విషానికీ బడికీ మధ్య ఎంత దూరం ఉండాలో 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో తెలిసింది. మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ ఎవరూ పిల్లల చేతికి విషం ఇవ్వలేదు. వంటనూనె దగ్గరకి చేరితేనే అంత ఘోరం జరిగింది.

"మొదలుపెడదాం సార్" అన్న ఉపాధ్యాయులను నేను కోరేది ఇది. మీ ఊళ్ళో సామూహిక ఎలుకల నివారణ ఏ రోజో రైతు సేవా కేంద్రంలోనో వ్యవసాయ విస్తరణ అధికారినో అడిగి తెలుసుకోండి. ఆ రోజూ, తర్వాత కొన్నాళ్ళూ పిల్లల్ని పొలం గట్ల మీదకి వెళ్ళొద్దని చెప్పండి. నూనె వాసనొచ్చే నూకల పొట్లం దొరికితే విప్పొద్దని, చచ్చిన ఎలుకను చేత్తో ముట్టుకోవద్దని, ఇంట్లో కుక్కా కోళ్ళూ వాటి జోలికి పోకుండా పెద్దవాళ్ళ చేత పాతిపెట్టించమని చెప్పండి. కాళ్ళకు పుండ్లుంటే పొలం నీళ్ళలో దిగొద్దని, దిగాక జ్వరమొస్తే ఎలుక జ్వరం కావచ్చని డాక్టరుకు తప్పకుండా చెప్పాలని చెప్పండి. ఆ పోస్టును మీ గ్రూపులో పెట్టినవాళ్ళకు దీన్ని కూడా పంపండి.